పిల్లల చేతికి కొలత టేపు ఇవ్వండి

బడిలో వైకల్యాల గురించి ప్రాజెక్టు పని చేయిస్తున్న ఉపాధ్యాయులు, ఆ పిల్లల తల్లిదండ్రులు, విద్యార్థులు ఈ నెల రాసిన ఉత్తరాలలో ఐదింటికి ఈ సంచికలో సమాధానం ఇస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లను, ఊళ్ల పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతిలో 42 మంది పిల్లలున్నారు. ఈసారి ఎఫ్.ఏ. (నిర్మాణాత్మక మూల్యాంకనం) ప్రాజెక్టు పనికి ‘వైకల్యాలను తెలుసుకుందాం’ అనే అంశం ఇచ్చి, ఏడుగురి చొప్పున ఆరు జట్లు చేశాను. ఒక జట్టు కళ్లకు గంతలు కట్టుకుని నడవాలని, ఒక జట్టు చెవులలో దూది పెట్టుకుని పాఠం వినాలని, ఒక జట్టు చక్రాల కుర్చీలో కూర్చుని ఆవరణ అంతా తిరగాలని అనుకున్నాం. చివరి రోజున దగ్గరలోని అంధ విద్యార్థుల వసతి గృహానికి వెళ్లి పండ్లు, బిస్కెట్లు పంచి, ఫొటోలు తీసుకుని చార్టు తయారుచేయాలని ఆలోచన. మా మండలంలో ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్ ఇది విని ‘ఇలా చేయించకండి మేడమ్’ అన్నారు. కారణం చెప్పేలోగా ఆమె ఎక్కవలసిన బస్సు వచ్చింది. ఎందుకు వద్దన్నారో, బదులుగా ఏమి చేయించాలో చెప్పగలరా? మాకు మూడు వారాల సమయం ఉంది.

సమాధానం: మేడమ్ గారూ, ఆమె చెప్పలేకపోయిన కారణం నా అనుభవంలోనే ఉంది. ముప్పై ఏళ్ల కిందట, ప్రత్యేక విద్యలో శిక్షణ ముగించుకుని ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేనూ ఒక బడిలో పిల్లల కళ్లకు నల్లగుడ్డ కట్టి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాను. కొందరు స్తంభాలకు తగిలారు, ఒక అమ్మాయి భయంతో ఏడ్చింది, చూస్తున్నవాళ్లు నవ్వారు. గంతలు విప్పాక ఏమనిపించిందో రాయమంటే దాదాపు అందరూ ఒకే మాట రాశారు: చూపు లేకపోతే బతకడం చాలా కష్టమని, అంధులను తలచుకుంటే జాలి కలిగిందని, తమకు కళ్లిచ్చిన దేవుడికి దండం పెట్టుకున్నామని. ఆ కాగితాలు చూసి పాఠం ఫలించిందని నేను సంతోషించాను. అదే తరగతిలో చదువుతున్న, చూపు లేని ఒక అబ్బాయి సాయంత్రం బడి వదిలాక నా దగ్గరకు వచ్చి, ‘టీచర్, నేను రోజూ ఇంత భయపడుతూ నడుస్తానని వీళ్లనుకుంటున్నారా?’ అని అడిగాడు. ఆ పిల్లవాడు ఆ వరండాలో రోజూ పరుగెత్తుతూ వెళ్లేవాడు. అతనికి నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆ తరువాత ఏ బడిలోనూ పిల్లలకు గంతలు కట్టించలేదు.

ఎన్నో ఏళ్లుగా చూపు లేకుండా జీవిస్తున్న మనిషి కాలి కింద నేల మార్పును, గోడ నుంచి తిరిగి వచ్చే చప్పుడును, చేతికర్ర కొనకు తగిలేదాన్ని, మలుపుల లెక్కను కలిపి దారిని చదువుకుంటాడు. అది నేర్చుకున్న విద్య. పది నిమిషాలు గంతలు కట్టుకున్న పిల్లవాడికి ఆ విద్యలో ఒక్క అక్షరమైనా రాదు. ఆ క్షణంలోనే చూపు పోయిన మనిషికి కలిగే దిగ్భ్రాంతి మాత్రం తెలుస్తుంది. దానినే అంధత్వమని అనుకుని ఇంటికి వెళతాడు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్నేళ్ల కిందట దీనిని పరీక్షించి చూశారు. వారిలో ఒకరు స్వయంగా చూపు లేనివారు. గంతలు కట్టుకుని పనులు చేసి చూసినవారు, అంధులు ఉద్యోగం చేసుకుని స్వతంత్రంగా బతకగలిగే శక్తిని మిగిలినవారి కంటే తక్కువగా అంచనా వేశారని తేలింది. మీ ఉద్దేశం మంచిదే అయినా, ఫలితం దానికి ఎదురు తిరుగుతుందని మీ రిసోర్స్ టీచర్ భయం. ఆ భయం సరైనదే.

కాబట్టి ఆరు జట్లను అలాగే ఉంచి పనులను మార్చండి. పిల్లలు వైకల్యాన్ని అభినయించే బదులు, వైకల్యం ఉన్న మనిషికి తమ ఊరు ఎక్కడెక్కడ అడ్డుపడుతున్నదో కొలిచి చూడాలి. దీనికి కావలసినవి ఒక కొలత టేపు, ఒక నోటు పుస్తకం, అడ్డంకులు ఎక్కడ ఉన్నాయో అనుభవంతో చెప్పగలిగిన ఒక మనిషి.

చక్రాల కుర్చీలో తిరగాలనుకున్న జట్టుకు ర్యాంపుల పని ఇవ్వండి. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదన్నది ప్రమాణం. అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు ఉండాలి. మీ బడి గుమ్మం ముందు 15 సెంటీమీటర్ల మెట్లు మూడు ఉన్నాయనుకుంటే మొత్తం ఎత్తు 45 సెంటీమీటర్లు, దానికి కావలసిన ర్యాంపు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. చాలా బడులలో ఉన్నది రెండు మీటర్లకు మించదు. ఆ వాలు దాదాపు 1:4.4 అవుతుంది, చక్రాల కుర్చీని వెనుక నుంచి ఇద్దరు నెట్టినా అది ప్రమాదమే, దిగేటప్పుడు మరీ ప్రమాదం. ర్యాంపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉన్నదా, పైకి వెళ్లాక కుర్చీ తిప్పుకోవడానికి చదునైన చోటు ఉన్నదా, మరుగుదొడ్డి తలుపు కనీసం 90 సెంటీమీటర్లు తెరుచుకుంటుందా అన్నవి కూడా చూడాలి. బడి కొలతలు అయ్యాక గ్రామ పంచాయతీ కార్యాలయం, రేషన్ దుకాణం, పోస్టాఫీసు, ఆరోగ్య ఉప కేంద్రం. మీ బడే పోలింగ్ కేంద్రమైతే ఆ మాట నివేదికలో తప్పక రాయించండి. మీ గణిత ఉపాధ్యాయుణ్ణి కలుపుకుంటే నిష్పత్తుల పాఠం కూడా ఇక్కడే జరిగిపోతుంది. కొలతలకు బయలుదేరే ముందు, ఊరిలో మూడు చక్రాల బండి వాడేవారు ఎవరైనా ఉంటే జట్టు పిల్లలు వారి ఇంటికి వెళ్లి, తమతో వచ్చి దారి చూపించగలరా అని మర్యాదగా అడగాలి. రానంటే సరేనని తిరిగి రావాలి. వస్తే ఆ రోజు జట్టుకు గురువు ఆయనే.

మీది నల్గొండ ప్రాంతం కనుక మరొక జట్టుకు నేను ఫ్లోరైడ్ అంశం ఇస్తాను. పుస్తకంలోని పాఠం కంటే ఇది మీ పిల్లల ఇళ్లకు దగ్గరగా ఉంటుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్ ఉంటే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. ఏళ్ల తరబడి అదే నీరు తాగితే అది ఎముకలలో చేరి వెన్ను, మెడ బిగుసుకుపోతాయి, పెరిగే పిల్లల కాళ్లు వంకర తిరుగుతాయి. గ్రానైటు రాతి పొరల్లోని ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. బోరును లోతుకు దించిన కొద్దీ చాలాచోట్ల అది మరింత పెరిగింది. మన దేశంలో ఈ వ్యాధిని వైద్యులు మొదట వివరంగా నమోదు చేసింది 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. పరదేశాల పాఠ్యపుస్తకాలలో కూడా దానికి నల్గొండ పద్ధతి అనే పేరే ఉంది. మీ పిల్లలు తాతలను, అమ్మమ్మలను కూర్చోబెట్టుకుని, ఊరిలో ఏ బావి నీరు ఎప్పటి వరకు తాగారు, బోరు నీరు ఎప్పుడు మొదలైంది, కృష్ణా నీరు ఏ సంవత్సరం వచ్చింది, ఎవరి తరంలో నడుములు వంగాయి అని అడిగి రాసుకుంటే, ఒక ఊరి మొత్తానికి వైకల్యం ఎలా వచ్చిందో, ఏది మారితే తగ్గిందో వారి కళ్ల ముందే తేలుతుంది. ఇది ఎవరి తలరాత వల్లా రాలేదని, నీటి వల్ల వచ్చిందని తమ సొంత తాత నోట విన్న పిల్లవాడు వైకల్యం గురించి ఇక మీదట వేరుగా ఆలోచిస్తాడు.

చూపు గురించి తెలుసుకునే జట్టు చేతిలో మూడు నోట్లు పెట్టండి. 500 రూపాయల నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, 200 నోటు 146, 100 నోటు 142. వెడల్పు మూడింటికీ 66. నాలుగేసి మిల్లీమీటర్ల తేడాతో దుకాణం ముందు నిలబడి నోటు గుర్తుపట్టవలసిన మనిషి ఏమి చేస్తాడో వారు తెలుసుకోవాలి. నోటు అంచున ఉబ్బెత్తు గీతలుంటాయి: 100 నోటుకు నాలుగు, 500 నోటుకు ఐదు, 200 నోటుకు నాలుగు గీతల నడుమ రెండు చిన్న వృత్తాలు ఉంటాయి. కొత్త నోటు మీద ఇవి వేలికి తెలుస్తాయి, నలిగిన నోటు మీద అరిగిపోతాయి. ఆ ఇబ్బంది తీర్చడానికే రిజర్వు బ్యాంకు 2020లో ‘మణి’ అనే యాప్ తెచ్చింది. ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే విలువ చదివి వినిపిస్తుంది. ఫోన్‌లో తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, తెర మీది ప్రతి అక్షరాన్నీ చదివించుకుంటూ ఒక సందేశం ఎలా పంపుతారో చూపు లేని వ్యక్తి ఎవరైనా చేసి చూపిస్తే, గంతలు నేర్పలేనిది అరగంటలో తెలుస్తుంది.

బ్రెయిలీ జట్టుకు ఎక్కువ చెప్పనక్కరలేదు. పిల్లలకు అది ఆటలాగే పట్టుబడుతుంది. ఆరు చుక్కలు, వాటితో 63 గుర్తులు. లూయీ బ్రెయిలీ దీనికి రూపమిచ్చింది పదిహేనేళ్ల వయసులో, అంటే మీ విద్యార్థుల వయసులోనే. భారతీయ భాషలకు ఉమ్మడిదైన భారతి బ్రెయిలీలో ‘క’ అక్షరానికి తెలుగులోనూ, హిందీలోనూ, తమిళంలోనూ ఒకే గుర్తు కాబట్టి, లిపి వేరైనా వేలికి అక్షరం ఒకటే. బ్రెయిలీ స్లేటులో కాగితం పెట్టి కుడి నుంచి ఎడమకు చుక్కలు గుచ్చి, కాగితం తిరగేసి ఎడమ నుంచి కుడికి చదవాలన్న సంగతి వారే కనిపెట్టేలా చూడండి. సంజ్ఞా భాష జట్టు యూట్యూబు చూసి నాలుగు సైగలు వల్లించడం కంటే, బధిరులను ఒకరిని పిలిపించుకుని ఒక పూట నేర్చుకోవడం మేలు. అది తెలుగును చేతులతో అనువదించడం కాదని, తనకంటూ వ్యాకరణం ఉన్న వేరే భాష అని గ్రహిస్తే ఆ జట్టు పని పూర్తయినట్లే. ఆరో జట్టుకు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇవ్వండి. 1995 నాటి పాత చట్టంలో ఏడు వైకల్యాలే ఉండేవి. కొత్త చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. సికిల్ సెల్, తలసీమియా, పార్కిన్సన్, ఆటిజం, చదువులో ఎదురయ్యే నిర్దిష్ట ఇబ్బందులు, యాసిడ్ దాడి వల్ల కలిగిన వైకల్యం, ఇవన్నీ అందులో ఉన్నాయని తెలిసినప్పుడు, చూడగానే కనిపించేది మాత్రమే వైకల్యం అనే భావన పోతుంది. తక్కెడలో తూచినట్లు వైకల్యం 40 శాతం అని, దానిని నిర్ధారించే సదరం ధ్రువపత్రంలో ఎందుకు రాస్తారో కూడా ఆ జట్టే తరగతికి వివరించాలి.

ఇక వసతి గృహం. అక్కడికి పండ్లతో వెళ్లకండి అని చెప్పడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే ఇంటికి వెళ్లేటప్పుడు చేతిలో ఏదో ఒకటి తీసుకువెళ్లడం మన మర్యాద. కానీ అక్కడి పిల్లలు వరుసలో నిలబడి అరటిపండు అందుకుంటూ ఫొటో దిగడం ఏడాదిలో ఎన్నిసార్లు జరుగుతుందో ఆ వార్డెన్‌ను అడగండి. ఒక వారం ముందుగా వెళ్లి, మీరూ మా పిల్లలూ కలిసి ఏమి చేస్తే బాగుంటుందని ఆ విద్యార్థులనే అడిగితే, వారు క్రికెట్ అంటారని నా ఊహ. లోపల గలగలమనే గుండ్లున్న ప్లాస్టిక్ బంతితో ఆడే ఆ ఆటలో మన దేశానికి నాయకత్వం వహించి అర్జున అవార్డు అందుకున్న అజయ్ కుమార్ రెడ్డి ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. మీ తొమ్మిదో తరగతి జట్టు ఆ బంతితో వారి చేతిలో ఓడిపోయి వస్తే ఆ సాయంత్రం వృథా పోలేదని నమ్మండి. కలిసి ఆడిన తరువాత కలిసి తినే పండు వేరు. ఫొటో మాత్రం వారు ఒప్పుకుంటేనే, అదీ ఆట ఫొటో.

మార్కులు వేసేటప్పుడు ‘జాలి కలిగింది’ అన్న వాక్యానికి మార్కు వేయకండి, తీసివేయకండి కూడా. దాని పక్కన ‘ఏమి కొలిచావు, ఎవరితో మాట్లాడావు, వారు ఏమన్నారు?’ అని ఎర్ర సిరాతో రాసి తిరిగి ఇవ్వండి.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. వాడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది. నడక కాస్త ఇబ్బంది, మాట నిదానం, చదువులో ముందుంటాడు. తరగతిలో వైకల్యాలపై గ్రూపు ప్రాజెక్టు ఇచ్చారట. వీడి గ్రూపు పిల్లలు ‘మన ప్రాజెక్టు నువ్వే’ అని, ప్రదర్శన రోజున అందరి ముందు నడిచి చూపించమన్నారట. టీచర్ కూడా మంచి ఆలోచన అన్నారని చెప్పాడు. రెండు రోజులుగా బడికి వెళ్లనంటున్నాడు. నేను వెళ్లి గొడవ పడితే వాడిని మరింత వేరుగా చూస్తారేమోనని భయం. ఏమి చేయాలి?

సమాధానం: అమ్మా, మీరు వెళ్లండి. గొడవ అక్కరలేదు, కానీ వెళ్లడం మాత్రం తప్పనిసరి, అదీ రేపే. మీ బాబు శరీరం తరగతికి బోధనోపకరణం కాదు. ఆ మాట టీచర్‌కు ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పండి. ఆ టీచర్ చెడ్డవారై ఉంటారని నేను అనుకోవడం లేదు. పిల్లవాడిని ముందుకు తీసుకువస్తున్నామని మనసారా అనుకుని ఉంటారు. కానీ తన నడకను చూపించాలో లేదో, తన గురించి ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించుకునే హక్కు పన్నెండేళ్ల పిల్లవాడికి కూడా ఉంది. అతడు వద్దన్నాడంటే, ఆ విషయం అక్కడితో ఆగిపోవాలి.

వెళ్లే ముందు బాబుతో మాట్లాడి, గ్రూపులో అతడు ఏ పని చేయాలనుకుంటున్నాడో తెలుసుకోండి. చదువులో ముందుంటాడని రాశారు. ప్రశ్నలు తయారుచేయడం, నివేదిక రాయడం, లెక్కలు చూడడం, ఏదైనా కావచ్చు. అసలు వైకల్యం గురించి కాకుండా వేరే అంశం తీసుకున్న గ్రూపులోకి మారాలని ఉంటే, అది కూడా న్యాయమైన కోరికే. ‘మా వాడు ఈ పని చేస్తానంటున్నాడు’ అని ఒక స్పష్టమైన మాటతో వెళితే టీచర్‌కు ఒప్పుకోవడం తేలిక. నిదానంగా మాట్లాడే పిల్లవాడికి ప్రదర్శనలో అందరికంటే ఎక్కువ సమయం ఇవ్వాలని కూడా అడగండి. రాత పరీక్షలలోనే గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తరగతిలో రెండు నిమిషాలు ఎక్కువ ఆగడం ఎవరికీ భారం కాదు. అతడి మాటను మధ్యలో అందుకుని పూర్తిచేసే స్నేహితులుంటారు, ప్రేమతోనే అలా చేస్తారు. వారిని ఆపవలసింది టీచర్.

బడిలో మీకు సరైన స్పందన రాకపోతే ప్రధానోపాధ్యాయులను, ఆ తరువాత మండల విద్యాధికారిని కలవండి. అంత దూరం పోదని నా ఆశ. ఈ రెండు రోజులూ బడి మానినందుకు బాబును మందలించకండి. తనకు జరిగింది తప్పని అతడికి తెలిసింది. నోటితో చెప్పలేక, బడికి వెళ్లకుండా ఆ మాట చెప్పాడు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను పదో తరగతి చదువుతున్నాను. మా గ్రూపు చార్టుకు శీర్షిక పెట్టడంలో గొడవ వచ్చింది. ఒకరు వికలాంగులు అంటున్నారు, ఒకరు దివ్యాంగులు అనాలంటున్నారు, మా సార్ విభిన్న ప్రతిభావంతులు అని రాయమన్నారు. ఏది సరైనది?

సమాధానం: చిరంజీవీ, మీ గొడవ మంచి గొడవ, దానిని తొందరగా ముగించకండి. ‘విభిన్న ప్రతిభావంతులు’ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులో ఉంది. ‘దివ్యాంగులు’ అన్న మాటను 2015 డిసెంబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో సూచించాక ప్రభుత్వ పత్రాలలో వాడుకలోకి వచ్చింది. ఆ మాటను ఇష్టపడేవారు ఉన్నారు. తమ అవయవంలో దివ్యత్వం ఏమీ లేదని, కావలసింది హక్కులే తప్ప పొగడ్త కాదని దానిని వ్యతిరేకించిన వైకల్యం గల ఉద్యమకారులు కూడా ఎందరో ఉన్నారు. ‘వికలాంగులు’ ఉద్యమ సంఘాల పేర్లలోనే ఉన్నా, అందులో మనిషి కంటే ముందు లోపం వినిపిస్తుందని కొందరి అభ్యంతరం. నేను రాసేటప్పుడు ‘వైకల్యం గల వ్యక్తులు’ అంటాను, ఎదుట ఉన్న మనిషి తనను తాను ఏమని చెప్పుకుంటే ఆ మాటే వాడతాను. చాలామంది బధిరులు తమది ఒక భాషా సమాజమని గర్వంగా చెప్పుకుంటారు. వారికి ‘వినికిడి లోపం’ అన్న మాట నచ్చకపోవచ్చు. మీ చార్టు కోసం మీ ఊరిలో ముగ్గురిని అడిగి, వారు చెప్పిన మూడు మాటలూ, ఎందుకు అలా కోరుకున్నారో కూడా రాయండి. శీర్షిక గురించిన మీ తగాదాయే చార్టులో అన్నిటికంటే చదవదగిన భాగం అవుతుంది.

మీ గ్రూపుకు మరొక పని కూడా చెబుతాను. ఒక వారం పాటు ఇంట్లో, వీధిలో, టీవీలో, బడిలో మనం మాట్లాడే మాటలను వింటూ రాసుకోండి: చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు, గుడ్డి కన్నా మెల్ల మేలు, కుంటిసాకు, గుడ్డినమ్మకం, పిచ్చి పని. వీటిని అన్నవారెవరూ ఎవరినీ అవమానించాలని అనలేదు. అయినా ఆ మాటలన్నింటిలోనూ చూపు లేకపోవడం తెలివి లేకపోవడంగా, కుంటడం అబద్ధంగా, వినపడకపోవడం మూర్ఖత్వంగా మారిపోయింది. నేను కూడా ‘కుంటిసాకు’ అనడం మానడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడు ‘ఒప్పుకోలేని సాకు’ అంటాను, అర్థం ఏమీ తగ్గలేదు. పెద్దవాళ్లు ఈ సామెతలు అన్నప్పుడు తప్పు పట్టి వాదించకండి, రాసుకుని చార్టులో పెట్టండి. సామెతలు వేరు, ఒక మనిషిని పదిమందిలో ఆ మాటలతో కావాలని అవమానించడం వేరు: 2016 చట్టం ప్రకారం అది ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం.

ప్రశ్న: నేను బి.ఇడి. విద్యార్థిని. సమ్మిళిత విద్య పేపరుకు మా బృందం ఒక నివేదిక తయారుచేస్తున్నది. ‘వైకల్యానికి కారణాలు’ అనే భాగం నాది. మేము మాట్లాడిన కుటుంబాలలో సగం మంది పూర్వజన్మ పాపం అన్నారు. మిగిలినవారిలో చాలామంది మేనరికం అన్నారు. మా బృందంలో ఒకరు మేనరికమే ముఖ్య కారణమని రాసేద్దామంటున్నారు. అలా రాయవచ్చునా?

సమాధానం: అలా రాయకండి. మేనరికంలో అపాయం నిజమే, దానిని దాచనక్కరలేదు. మేనమామను పెళ్లాడిన అమ్మాయికి, మేనబావను పెళ్లాడిన అమ్మాయికి, భర్తతో పంచుకున్న జన్యువులు బయటి సంబంధంలో కంటే చాలా ఎక్కువ. కుటుంబంలో దాగి ఉన్న లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి బిడ్డకు చేరే అవకాశం అందువల్ల పెరుగుతుంది. కొన్ని రకాల పుట్టు చెవుడులో, తలసీమియా వంటి రక్తవ్యాధులలో ఇది కనిపిస్తుంది. కానీ ఎక్కువ మేనరికాలలో పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, మేనరికం లేని ఇళ్లలోనూ వైకల్యం గల పిల్లలు పుడతారు. ప్రసవంలో బిడ్డకు ఊపిరి అందకపోవడం, పుట్టిన వారంలో ముదిరిన పచ్చకామెర్లు, మెదడువాపు, గర్భిణికి సోకిన రుబెల్లా, రోడ్డు ప్రమాదాలు, మధుమేహం వల్ల పోయే చూపు, వయసుతో వచ్చేవి, ఇవన్నీ కారణాల పట్టికలో ఉండాలి. పోలియో కూడా రాయండి: మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో మనం పోలియో రహితమయ్యాం. ఆ జబ్బు పోయింది టీకా వల్ల. పాపం అన్న కుటుంబాలకు మీరు చూపగలిగిన గట్టి ఉదాహరణ అదే.

అయితే, కారణాల మీద ఇన్ని పేజీలు అవసరమా అన్న ప్రశ్న మీ బృందం వేసుకోవాలి. మీరు మాట్లాడిన ఇళ్లలో పాపం అన్నా, మేనరికం అన్నా, ఆ నింద చివరకు ఎవరి మీద పడిందో గమనించే ఉంటారు. నేను చూసిన చాలా ఇళ్లలో అది తల్లి మీదే పడింది. రేపు మీరు ఉపాధ్యాయురాలై తరగతిలోకి వెళ్లినప్పుడు, ఎదుట కూర్చున్న పిల్లవాడికి వైకల్యం ఎందుకు వచ్చిందో తెలిసినందువల్ల బోధన మారేది కొద్దిగానే. నల్లబల్ల మీది అక్షరం అతడికి కనిపిస్తున్నదా, మీరు బల్లవైపు తిరిగి మాట్లాడితే పెదవులు చదివే అమ్మాయి ఏమి కోల్పోతున్నది, అన్నవే ఎక్కువ మారుస్తాయి. శ్రీకాంత్ బొల్లా కథ మీ నివేదికలో చేర్చండి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుకతో చూపు లేకుండా జన్మించిన ఆయన పదో తరగతి తరువాత సైన్సు చదువుతానంటే నిబంధనలు ఒప్పుకోలేదు. కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకుని, మంచి మార్కులతో గట్టెక్కి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాద్‌లో పరిశ్రమ స్థాపించారు. ఈ కథను ఆయన అసాధారణుడు అన్న ఒక్క మాటతో ముగించకండి. ఆయనను ఆపింది ఒక నిబంధన అని, కోర్టు కదిలించింది ఆ నిబంధననేనని రాయండి. ఆయనకున్నంత పట్టుదల, కోర్టుకు వెళ్లే అండ లేక ఆగిపోయిన సాధారణ పిల్లలు ఎందరో ఉంటారు. మీరు బోధించబోయేది వారికి.

ప్రశ్న: నేను బ్యాంకు ఉద్యోగిని, పుట్టుకతో చూపు లేదు. మాది ఉమ్మడి నల్గొండ జిల్లా. మీ పత్రికను ఫోన్‌లో స్క్రీన్ రీడర్ ద్వారా చదువుతాను. ఏటా అంతర్జాతీయ వికలాంగుల దినమైన డిసెంబరు 3న ఏదో ఒక బడివారు నన్ను పిలుస్తారు. శాలువా కప్పుతారు, పిల్లలు గ్రూపులుగా వచ్చి ప్రాజెక్టు కోసమని ‘కళ్లు ఎలా పోయాయి సార్, ఎప్పుడైనా ఏడ్చారా’ అని అడుగుతారు. పిల్లలను నొప్పించడం ఇష్టం లేదు, కానీ ఇకపై వెళ్లాలని కూడా అనిపించడం లేదు. నేను చేస్తున్నది తప్పా?

సమాధానం: తప్పు లేదు సార్. వద్దనిపించినప్పుడు వెళ్లకపోవడం మీ ఇష్టం, దానికి మీరు సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. వెళ్లాలని మళ్లీ ఎప్పుడైనా అనిపిస్తే, షరతులు మీరు పెట్టండి. ప్రశ్నలు రెండు రోజుల ముందు పంపమని ఉపాధ్యాయులను అడగండి. నచ్చనివి కొట్టివేసి, వాటి స్థానంలో మీకు నచ్చినవి రాసి పంపండి. కౌంటర్ దగ్గర సంతకాలు ఎలా సరిచూస్తారు, కంప్యూటర్ తెరను ఎంత వేగంతో వింటారు, కొత్త ఊరిలో ఆటో దిగిన చోటు నుంచి గేటు దాకా ఎలా వెళతారు, ఇవి పిల్లలు నిజంగా తెలుసుకోవాలనుకునే సంగతులు. కన్నీళ్ల గురించి అడిగేది అంతకంటే మంచి ప్రశ్న వారికి ఎవరూ చెప్పకపోవడం వల్ల. డిసెంబరు 3న కాకుండా, సభ, వేదిక, మైకు లేని ఒక మామూలు పనిదినాన, ఒక పీరియడ్‌కు వస్తానని చెప్పండి. శాలువా బదులు రానూపోనూ ఆటో ఖర్చు ఇవ్వమని అడగడానికి మొహమాటపడకండి. పాఠం చెప్పడానికి వచ్చేవారికి అది న్యాయంగా చెందవలసినది.

ఈ శీర్షికలో మొదటి ఉత్తరం రాసిన ఉపాధ్యాయిని గారు మీ ప్రాంతం వారే. వారి పిల్లలకు ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడకం, నోట్ల గీతలు చూపించడానికి ఒక మనిషి కావాలి. మీరిద్దరూ అంగీకరిస్తున్నట్లు ఒక కార్డు ముక్క రాసినా, కార్యాలయానికి ఫోన్ చేసినా, మీ నంబరు ఆమెకు, ఆమె నంబరు మీకు పంపే ఏర్పాటు చేస్తాను. ఆమెకు మూడు వారాల గడువే ఉంది కనుక కొంచెం త్వరగా తెలియజేయండి.